మాట మొదలుకాక మునుపు

వాక్కుకు అధిష్ఠాత్రి అయిన తల్లికి నమస్కారం. మౌనానికి కూడా ఆ తల్లియే అధిష్ఠాత్రి అని డెబ్బై ఆరేళ్ళు నిండిన పిమ్మట గాని గ్రహింపలేకపోయిన ఈ సేవకుణ్ణి ఆమె మన్నించుగాక. మాఘ బహుళ సప్తమి, మంగళవారం, ఉదయం మంచు విడిచిన తరువాత, అరకులోయలో మా ఇంటి వసారాలో కూర్చుని ఇది వ్రాస్తున్నాను.

గడచిన శుద్ధ ఏకాదశి శుక్రవారం. సంతనాడు. కూరలకని చేసంచీ పట్టుకుని వెళ్ళినవాణ్ణి ఒక దుకాణం ముందు ఆగిపోయాను. దాని తలుపు మూసి ఉంది. ఈ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళకు పైబడి ఉన్నాను. ఆ కొట్టు వెలసిన ఈ పదేళ్ళలో శుక్రవారం నాడు ఆ తలుపు మూసి ఉండగా చూసినది లేదు. దాని అరుగు మీద మిరియాలు, పసుపు పోసుకుని అమ్మే ఆమె నన్ను చూసి తల అడ్డంగా ఊపింది.

“బొమ్మలాయన తెల్లారగట్ల పోనాడు మేస్టారూ. సలికి గుండె పట్టీసినాదంట. నిన్న పొద్దోయిందాకా ఇక్కడే కూకున్నాడు, ఈ అరుగు మీదే.”

ఆయనకు పేరు లేకపోలేదు. అయితే లోయలో ఆ పేరుతో పిలిచినవారు తక్కువ. నేనూ ఇక్కడ ఆ పేరు వ్రాయను. ఇక్కడివారు సినిమాను బొమ్మ అంటారు గనుక ఆయన బొమ్మలాయన. ఊరూరా బొమ్మలు చూపే సర్కారు ప్రచారపు బండిలో ఇరవై ఏళ్ళు సహాయకుడుగా తిరిగి, తెరా యంత్రమూ భుజాన వేసుకుని, బండి పోని గూడేలకు కూడా నడిచి వెళ్ళి బొమ్మలు ఆడించినవాడు. ఆ బండి ఆగిపోయిన తరువాత సంతవీధిలో ఈ కొట్టు పెట్టాడు. పైకి చూస్తే అది కాగితాలకు నకళ్ళు తీసే చోటు, ఫోన్లకు రీఛార్జి చేసే చోటు. వాస్తవానికి అక్కడ జరిగే పని వేరు. ఈ లోయలో ఎవరు శనివారం ఏమి చూడాలో, ఆదివారం ఏమి చూడాలో శుక్రవారం నాడు నిర్ణయమయ్యేది అక్కడే. జనం తమ ఫోన్లలోని చిన్న కార్డులు తీసి ఇచ్చేవారు. ఆయన వాటిలో బొమ్మలు ఎక్కించి, రోజు క్యాలెండరు నుంచి చింపిన కాగితం వెనుక నాలుగు ముక్కలు వ్రాసి చేతిలో పెట్టేవాడు. వైద్యుడు మందుతో పాటు పథ్యం కూడా చెప్పినట్లు.

కథ ఉన్న సినిమాలు ఆయన ఎక్కించేవాడు కాదు. ఆయన దగ్గర రెండే జాతులు. సంగీత కచేరీలను చిత్రించినవి ‘పాట బొమ్మలు’. మనుషుల బ్రతుకులనూ పనులనూ ఉన్నవి ఉన్నట్లు చూపే డాక్యుమెంటరీలు ‘మనిసి బొమ్మలు’. శనివారం పాట బొమ్మ, ఆదివారం మనిసి బొమ్మ. ఈ క్రమాన్ని తప్పనిచ్చేవాడు కాడు.

“తిరగెయ్యకండి మేస్టారూ. పాట ఇన్నాక మనసు దున్నిన మడిలాగుంటాది. అప్పుడు మనిసిని నాటాల. ముందు మనిసిని సూసీసి ఆనక పాటింటే, నాటినాక దున్నినట్టే.”

అలంకారశాస్త్రం ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన నాకు రసపోషణ క్రమాన్ని ఇంత క్లుప్తంగా చెప్పినవారు మరొకరు తటస్థపడలేదు.

ఆయన ఒక బొమ్మను మెచ్చుకుంటూ చెప్పే తీరు విలక్షణమైనది. అది గొప్పదనీ, పేరు మోసినదనీ ఎన్నడూ అనడు. అందులో ఎక్కడ చూడాలో మాత్రం చెబుతాడు. ఆ చోటు ఎప్పుడూ పాట మొదలుకాక ముందే ఉంటుంది. ఒక శుక్రవారం నేను అక్కడ ఉండగా పాడేరు దారిలో జీపు తోలే కుర్రవాడొకడు వచ్చి తన ఫోను బల్ల మీద పడేశాడు.

“మావా, ఫైటింగులున్నదేటైనా ఎక్కించు. రేపు నాకు రెస్టు.”

“ఫైటింగు నీ ఇంట్లో నేదేటిరా? పోయిన వారం మీ ఆడది సంతలో నీ కాలరట్టుకుని ఊపీసినప్పుడు సూసినోలందరం ఇక్కడే ఉన్నాం.”

అరుగు మీద మిరియాలావిడ కిసుక్కున నవ్వింది. కుర్రవాడు తల గోక్కున్నాడు.

“ఇది అట్టుకెల్లు. గంటన్నర. ఓ ముసలాయన సన్నాయి ఊదతాడు.”

“సన్నాయా! ఏటి మావా, నాకు మళ్ళా పెళ్ళి సేత్తన్నావేటి?”

“మొదటి పెళ్ళికే కాలరు సిరిగిపోనాది, రెండోదొకటా? ఒరే, ఇను. ఊదేముందు ఆ ముసలాయన సన్నాయి కొసని నోట్లో ఎట్టుకుని తడుపుతాడు. రెండు నిమిసాలు. ఏటీ ఊదడు. అచ్చం నువ్వు ఘాటు దిగేముందు బ్రేకు తొక్కి సూసుకున్నట్టే ఉంటాది. అదొక్కటీ సూసి కట్టీ. నానేటీ అనను.”

మరుసటి శుక్రవారం ఆ కుర్రవాడు వచ్చాడు. ఎవరూ వినకుండా, బల్ల మీదికి వంగి, “కట్టలేకపోనాను మావా. ఇంకోటుందా?” అన్నాడు.

పాటను అందరూ వింటారనీ, పాటకు ముందరి ఊపిరిని చూసినవారు తక్కువనీ ఆయన సిద్ధాంతం. తంబురా శ్రుతి చేసేటప్పుడు వేళ్ళు ఎక్కడ తడబడ్డాయో, పాడబోయే ఆమె ప్రక్కవాయిద్యపు పిల్లవైపు ఎలా చూసిందో, మృదంగం వాయించే మనిషి కండువా ఎక్కడ పెట్టుకున్నాడో, అవీ ఆయన చీటీలలో ఉండేవి. “మొదటి మూడు నిమిషాలు కాఫీ తాగొద్దు” అని ఒకసారి వ్రాశాడు. దూరదేశంలో వానలో జరిగిన ఒక కచేరీ చిత్రానికి, “జనాన్ని చూడండి. ఒక్కరూ గొడుగు తెరవరు” అని వ్రాశాడు. అంతే.

ఆయన అలవాట్లలో మూడు సంగతులు నాకు మరపునకు రావు. బొమ్మ వేసే ముందు తెరను తుండుగుడ్డ కొసతో తుడిచేవాడు, పసిబిడ్డ మూతి తుడిచినంత మెల్లగా. బొమ్మ ఆడుతున్నంత సేపూ కూర్చునేవాడు కాడు. మూడవది, ఆడుతున్నంత సేపూ కుడిచేయి ధ్వని పెంచి తగ్గించే గుండ్రని మర మీదనే ఉండేది. ప్రచారపు బండిలో అలవాటైందని అనుకునేవాణ్ణి. త్రిప్పేవాడు కాడు. ఊరికే వ్రేళ్ళు ఆనించి ఉంచేవాడు. తలుపు గడియ మీద చేయి వేసి తెరవాలా వద్దా అని ఆలోచించే మనిషిలాగా.

ఆయనను నేనెరిగినది అయిదేళ్ళుగా. ఇక్కడి ఆశ్రమ పాఠశాలలో తెలుగు పండితుడుగా పదవీ విరమణ చేసి, నా భార్యకు ఈ చలి ఇష్టమని ఇక్కడనే ఉండిపోయాము. ఆమె గతించిన నెలకు, ఏదో కాగితానికి నకలు కావలసి మొదటిసారి ఆ కొట్టుకు వెళ్ళాను. ఆయన అటు తిరిగి యంత్రంతో ఏదో కుస్తీ పడుతున్నాడు. “నాయనా, ఈ పత్రానికి రెండు ప్రతులు కావాలి” అన్నాను. ఆయన చేతులు ఆగిపోయాయి. మెల్లగా ఇటు తిరిగాడు.

“ఈ గొంతు నానిన్నాను బాబూ.”

నాకు లోలోపల సంతోషం కలిగింది. దాచడం ఎందుకు. “పూర్వం రేడియోలో ప్రసంగాలు చేసేవాణ్ణి. అక్కడ విని ఉంటావు” అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. “అయ్యుంటాది” అన్నాడు.

పత్రం అందుకుంటూ అది ఎవరిదని అడిగాడు. నా భార్యదని చెప్పబోయాను. పేరు దగ్గర నా గొంతు పెగలలేదు. సభలలో వేయిమందిని నిలబెట్టిన ఆ గొంతు ఒక్క పేరు పలకలేక ఆ బల్ల ముందు నిలిచిపోయింది. ఆయన కాగితం తీసుకుని రెండు నకళ్ళు తీసి ఇచ్చాడు. కొంతసేపటికి, “శని ఆదివారాలు ఏటి సేత్తారు బాబూ?” అని అడిగాడు.

“ఏమీ లేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది.”

గోడ మీది క్యాలెండరులో ఆనాటి కాగితం చింపి వెనుక ఏదో వ్రాశాడు. అది నాకు ఆయన ఇచ్చిన తొలి చీటీ. శనివారానికి ఒక వృద్ధ గాయని చివరి కచేరీ. పాడుతూ పాడుతూ ఆమె గొంతు ఒకచోట జీరపోయి ఆగిపోతుంది. వెనుక తంబురా మాత్రం ఆగదు. భార్య పోయిన నాటి నుంచి కన్నీరు రాని నేను ఆనాడు ఆ తంబురాకు ఏడ్చాను. ఆదివారానికి బొబ్బిలిలో వీణలు చేసే ఇంటి చిత్రం. “పదకొండో నిమిషం దగ్గర పనసకొయ్యని వేలితో తట్టి చెవి పెడతాడు. ఆపి మళ్ళీ చూడండి” అని చీటీలో ఉంది. చూశాను. ఆపి మళ్ళీ చూశాను. సోమవారం ఉదయం చాలాకాలానికి ఆకలి వేసింది.

అటుపిమ్మట అయిదేళ్ళపాటు నా శని ఆదివారాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. ఉప్పు మళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, గంట పోతపోసే పల్లె, వలసపోయే కొంగలు, ఒక గ్రుడ్డి హార్మోనియం వాద్యకారుడు. ఒకే ఒక విషయంలో మాకు వివాదం ఉండేది. ఆయన ఇచ్చే మనిసి బొమ్మలలో వ్యాఖ్యానం దాదాపు ఉండదు. “వెనుక నుంచి నాలుగు మంచి మాటలు చెప్పేవాడు ఉండవద్దటయ్యా? వ్యాఖ్యానం లేని దృశ్యం దీపం లేని గర్భగుడి” అని నేను వాదించేవాణ్ణి. ఆయన విని, ఎదుట ఉన్న స్పీకరు మరను ఒకసారి కొద్దిగా తగ్గించి మళ్ళీ యథాస్థానానికి తెచ్చి, “ఒకటి తగ్గిత్తే రెండూ తగ్గిపోతాయి మేస్టారూ” అనేవాడు. ఎన్నిసార్లు అన్నాడో. నేను దానిని ఏదో తత్త్వోక్తిగా గ్రహించాను. సుఖదుఃఖాలను గురించిన ఒక ఉపన్యాసంలో ఉదాహరించి చప్పట్లు కూడా అందుకున్నాను.

ఆయన ఎవరికీ ఇవ్వని బొమ్మ ఒకటి ఉండేది. ఒక శ్రావణ శుక్రవారం వానకు సంత త్వరగా విడిపోయింది. కొట్లో ఆయన ఒక్కడే చిన్న టీవీ ముందు నిలబడి ఉన్నాడు. తెర మీద ఏదో కొండవాలు. కొన్ని క్షణాలు ఆడనిచ్చి ఆపాడు. వెనక్కి త్రిప్పాడు. మళ్ళీ అంతే. నా అడుగుల చప్పుడుకు ఆర్పేశాడు.

“ఏమిటయ్యా అది?”

“మా ఇంటిది పాడినాది బాబూ.”

ఆ వాన సాయంత్రం ఆయన చెప్పినది ఇంతే. ముప్ఫై ఏళ్ళకు పూర్వం పట్నం నుంచి కెమెరాలతో ఎవరో వచ్చారు. చోడి చేలో, అనగా రాగి చేలో, కలుపు తీస్తున్న ఆడవాళ్ళ వరుసలో ఆయన భార్యను పాడమన్నారు. ఆరు నెలల బిడ్డ ఆమె వీపున ఉంది. పాడింది. ఆ వానకాలంలోనే జ్వరం వచ్చి ఆమె కన్నుమూసింది. ఫోటో లేదు, మరేమీ లేదు. ఆ చిత్రం ఎక్కడో ఒకచోట ఆడుతుందన్న ఆశతోనే ఆయన ప్రచారపు బండి ఎక్కాడు. ఏడేళ్ళకు దొరికింది.

“గుంటకి తల్లి గొంతు తెలీదు బాబూ. ఇందులో ఉన్నదే.”

ఆ గుంట, ఆనాటి వీపు మీది ఆడపిల్ల, ఇప్పుడు వాళ్ళ గూడెంలోనే అంగన్‌వాడీ టీచరు.

“అయితే నాకు ఇవ్వు. ఈ ఆదివారం చూస్తాను” అన్నాను.

“ఇవ్వను.”

“ఎందుకని?”

“మీకిచ్చే బొమ్మ కాదు బాబూ అది.”

లోయలో జీపు తోలేవాడికి సన్నాయి ఇచ్చినవాడు, కాఫీ తోటల్లో పండ్లు కోసే పడుచులకు వీణ ఇచ్చినవాడు, నాకు తన భార్య పాట ఇవ్వనన్నాడు. నాకు కష్టం తోచింది. ఆ పాటకు అర్హుణ్ణి కానా అని పౌరుషం వచ్చింది. తరువాత కూడా రెండుమార్లు అడిగాను. చివరిసారి నవ్వి, “నాను పోనాక సూద్దురు గాని” అన్నాడు. నేనూ నవ్వాను. వయస్సులో ఆయనకన్నా పన్నెండేళ్ళు పెద్దవాణ్ణి. ముందు పోవలసినవాణ్ణి నేనే కదా అన్నాను.

బహుళ చవితి శనివారం ఉదయం ఆయన కుమార్తె మా ఇంటికి వచ్చింది. తండ్రి కనుబొమ్మలే. చేతిలో చిన్న కార్డు, ఒక క్యాలెండరు కాగితం.

“నాన్న ఇది మీకిమ్మన్నాడు మేస్టారూ. ఎప్పుడో రాసుంచినాడు. రేపు పెద్దదినం. మీరు రావాల. ఎలాగూ రేపాదివారమే గదా, అందరం కలిసి సూద్దామని మా పెద్దమ్మ అంటంది. అమ్మ పక్కన కలుపు తీసినామె ఆవిడే.”

చీటీలో ఆయన వంకర అక్షరాలు: “మేస్టారికి. ఆదివారం. మాట మొదలవకముందు చూడండి.”

పాట అనవలసిన చోట మాట అని వ్రాశాడే అనుకున్నాను. పొరపాటు అనుకున్నాను.

ఆదివారం నన్ను ఆ గూడేనికి తీసుకువెళ్ళినది ఆ జీపు కుర్రవాడే. కొండ ఎక్కే ముందు అలవాటుగా బ్రేకు తొక్కి చూసుకున్నాడు, ఆ వెంటనే కళ్ళు తుడుచుకున్నాడు. చేయవలసిన కార్యాలు వాళ్ళ పద్ధతిలో ముగిశాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అంగన్‌వాడీ గదిలో బియ్యపు పెట్టె మీద టీవీ పెట్టారు. ఆడవాళ్ళు ముప్ఫై మంది దాకా నేల మీద కూర్చున్నారు. నాకు ముందువరుసలో కుర్చీ వేశారు. ఆ అమ్మాయి తెరను తన చెంగుతో తుడిచింది. ధ్వని మర దగ్గర ఎవరూ లేరు. అది చూసి నాకు దుఃఖం వచ్చింది.

మంచు. కొండవాలు. పచ్చని చోడి చేను. వంగి ఉన్న ఆడవాళ్ళ వరుస. ఎవరో పిలిచినట్లు వారిలో ఒకామె నడుము ఎత్తింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. వీపున బిడ్డ తల ఒక ప్రక్కకు వాలి ఉంది. కెమెరాను చూసి నవ్వు వచ్చింది ఆమెకు. బురద అంటిన చేతి వెనుక భాగంతో నోరు కప్పుకుంది. ప్రక్కనున్న ఆమె మోచేత్తో పొడిచింది. చేయి తీసింది. ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి వినబడింది. గదిలో ముప్ఫై మందీ ఆమెతో పాటు ఊపిరి పీల్చారు.

పాట ఎత్తుకుంది. సన్నని గొంతు, కొండ ఎక్కినట్లు మెట్లుమెట్లుగా పైకి పోతున్నది. ఒక చరణం అయింది. రెండవదానిలో సగం అయింది.

“నిసర్గ రమణీయములగు నీ గిరిసానువులయందు, వనదేవతా స్వరూపిణులగు నీ ముగ్ధాంగనలు, ప్రకృతి మాతను స్తుతించుచు...”

ఎవరిదో గంభీరమైన పురుష కంఠం. తరువాతి వాక్యం ఏమిటో నాకు ముందే తెలుసు. “నీలి మేఘముల నీడలలో నిశ్చింతగ జీవించు నీ ధన్యజీవులు.” తెలుసు, ఎందుకంటే అది నేను వ్రాసినది. చదివినది నేను. నలభై దాటిన నాటి నా గొంతు. తెర మీద ఆమె పెదవులు కదులుతున్నాయి. పైకి వినబడుతున్నది నేను.

“ఎవులే ఆ అయ్యోరు?” అంది వెనుక నుంచి పెద్దమ్మ. “కాసేపు నోరు మూసుకోమనండి. గుంట పాడతంది గదా!”

“ఆయనూరుకోడు పెద్దమ్మా. బండిలో ఆడినప్పుడూ అంతే, సివరిదాకా సదువుతానే ఉంటాడు” అని మరెవరో అన్నారు. నవ్వులు వినిపించాయి. జాలి నవ్వులు.

ఆ అమ్మాయి నవ్వలేదు. నన్ను చూడలేదు కూడా. చాపలో ఒక ఈనెను గోటితో గీరుతూ కూర్చుంది. ఆమెకు తెలుసు.

నేను లేచాను. టీవీ దగ్గరకు వెళ్ళి మర మీద చేయి వేశాను. నా గొంతును తగ్గించాను. తగ్గింది. దానితో పాటు ఆమె గొంతూ తగ్గి, కొండవాలు మూగపోయింది. కంగారుగా మళ్ళీ పెంచాను. నేనే తిరిగి వచ్చాను. ఒకటి తగ్గిస్తే రెండూ తగ్గిపోతాయి. అయిదేళ్ళుగా ఆయన నాకు తత్త్వం చెప్పలేదు, జరిగినది చెప్పాడు.

“ఏటో దేవతంటన్నాడు, మాతంటన్నాడు ఆ బాబు” పెద్దమ్మ ప్రక్కవాళ్ళకు వివరిస్తున్నది. “దేవతా లేదు ఏటీ లేదు. దీని మొగుడు సంతకెల్లి పొద్దుగూకినా రాలేదు. అంబలి సల్లారిపోతంది, పిల్ల ఏడుత్తంది, బేగి రా అని తిడతంది. మా బాసలో తిట్లు గూడా పాటే గదా.”

చిత్రం ముగిసింది. నేను నిలబడే ఉన్నాను.

“అమ్మా,” అన్నాను, “ఆ గొంతు నాదే.”

పెద్దమ్మ కళ్ళు చిట్లించి నన్ను చాలాసేపు చూసింది. ఆ ముఖంలో కోపం కనబడలేదు. ఉంటే బాగుండును.

“మీదా బాబూ? మరి అప్పుడు మమ్మల్ని అడగలేకపోనారా? సెప్పీవోలం గదా.”

అడగవచ్చునని నాకు తోచలేదు. అది నిజం. విశాఖలో ఒక గదిలో, ఒక మధ్యాహ్నం, ఎదుట తెర మీద బొమ్మ కదులుతూ ఉండగా చదివాను. ఆ చిత్రం తీసిన యువకుడు, “ఇక్కడ పాటను కాసేపు వదిలేద్దామా పంతులుగారూ?” అని అడిగాడు కూడా. “భాష తెలియని పాటను శ్రోత ఎంతసేపు సహిస్తాడు నాయనా? దానికి మనం అర్థం కల్పించాలి” అన్నాను. కల్పించాను. పని అయ్యాక నా కంఠాన్ని అందరూ మెచ్చుకున్నారు. శాలువ కప్పారు. నాటి నుంచి నేటి వరకు ఆ వాక్యాలు నాకు కంఠస్థం. పాడినది ఎవరో మాత్రం ఒక్కనాడూ జ్ఞాపకం రాలేదు. ఆమె ముఖం అప్పుడు నా కళ్ళ ఎదుటనే ఉండాలి. కాగితం చూసి చదువుతూ ఉండి ఉంటాను.

జీపు దాకా ఆ అమ్మాయి నాతో వచ్చింది. నేను చేతులు జోడించబోతే పట్టుకుని ఆపింది.

“వద్దు మేస్టారూ. నాన్నకి మొదట్లో సెడ్డ కోపం. ఆ గొంతుగల మనిసి కనిపిత్తే అడుగుతానని బండిలో తిరిగినన్నాళ్ళూ అనీవోడంట. మీరు కొట్టుకొచ్చిన్నాడు ఇంటికొచ్చి అన్నం తిన్లేదు. ఏటయింది నాన్నా అంటే, ‘ఆ గొంతు దొరికినాదమ్మా. పెళ్ళాం పేరు సెప్పలేక నా కళ్ళముందే ఆగిపోనాది. ఇంకేటడుగుతాను?’ అన్నాడు. తెల్లారి నుంచీ మీకు ఏ బొమ్మ ఇవ్వాలో ఎతుక్కునీవోడు.”

తల వంచుకుని జీపు ఎక్కాను. దారిలో చీటీ తీసి మళ్ళీ చూశాను. ఆయన ఎప్పుడూ కాగితానికి వెనుక మాత్రమే వ్రాసేవాడు. ముందువైపు అచ్చువేసిన తిథి వార నక్షత్రాలు ఉంటాయి గనుక. ఈ ఒక్క కాగితాన్ని త్రిప్పితే, తిథి చుట్టూ ఉన్న ఖాళీలో కూడా అక్షరాలు ఉన్నాయి.

“తరవాత కూడా చూడండి. మీ గొంతు అప్పుడు బాగుండేది.”

నేను పద్యాలకు వ్యాఖ్యానాలు వ్రాసినవాణ్ణి. ఈ రెండు వాక్యాలకు వ్యాఖ్యానం వ్రాయను. జీపు కుర్రవాడు అద్దంలో నుంచి చూసి, మలుపులో బండి నెమ్మది చేశాడు.

ఇంతవరకు బహుళ సప్తమి నాడు వ్రాసినది. క్రింది నాలుగు ముక్కలు ఈనాడు చేర్చుతున్నాను.

ఫాల్గుణ శుద్ధ దశమి, శుక్రవారం. చిత్రం తీసిన వారికి ఉత్తరం వ్రాస్తే, పాటను విడిగా పట్టిన టేపు ఇప్పుడు లేదని జవాబు వచ్చింది. ఆ అమ్మాయీ నేనూ రైలులో విశాఖ వెళ్ళి, ధ్వనులను విడదీసే యంత్రం ఉన్న ఒకరికి కార్డు ఇచ్చాము. ఆయన మూడు రోజులు శ్రమపడి నా గొంతును తీసివేశాడు. దానితో ఆమె గొంతు కూడా చాలావరకు పోయింది. మిగిలినది ఆ అమ్మాయి విని, “ఇది మా అమ్మ కాదు” అంది. అందుచేత ఆమె ఊపిరి పీల్చుకున్న చోటు నుంచి నా మొదటి మాటకు ముందరి వరకు కత్తిరించి ఇమ్మన్నాము. ఈ ఉదయం దానిని ఆ అమ్మాయి ఫోనులో ఎక్కించాము. పంతొమ్మిది సెకన్లు ఉంది. సంతవీధిలో ఆ కొట్టు తెరవలేదు.